రెండు మీటర్లు

ఆమె అసలు పేరు గుర్తింపు కార్డులో భద్రంగా ఉంది. వాడుకలో మాత్రం టేపక్క. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు అరుదు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి కుర్చీలో వెనక్కి వాలాక, డాక్టరు "అమ్మా, ఆ మెడలోది కాస్త తీస్తారా" అనేదాకా అది అక్కడున్న సంగతే ఆమెకు గుర్తులేదు. తీసి చేతిలో పట్టుకుంది గాని పక్కన పెట్టలేదు.

ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతోంది. కొలత దగ్గర ఆమెది ఉడుంపట్టు. పాత చొక్కా తెచ్చి "దీని ప్రకారం కుట్టేయండి" అనేవాళ్ళను నిలబెట్టి మళ్ళీ కొలుస్తుంది. "ఇది నిరుటి చొక్కా అండీ. మీరు నిరుటివాళ్ళు కాదుగా" అంటుంది. అలాంటి మనిషి, బతుకులో ఒక్కసారి కొనే ఇంటిని ఒక్క కొలత మాత్రం వదిలేసి కొనేసింది. ఎవరూ ఆమెను మోసం చెయ్యలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. ఆమెను ఎక్కువ బాధపెట్టింది కూడా అదే. తిట్టుకోవడానికి ఒక్క మనిషీ దొరకలేదు.

అప్పటికి ఆమె షాపు బజారు మలుపులో ఒక మేడ మెట్ల కింద ఉండేది. మూడు మిషన్లు, బట్ట కత్తిరించే బల్ల, ఇస్త్రీ పెట్టె, ముగ్గురు ఆడవాళ్ళు. ఒకరు తుమ్మితే మిగతా ఇద్దరూ జరగాలి. ఇస్త్రీ పెట్టె పెడితే మిషను ఆపాలి, రెండూ కలిపి నడిపితే ఫ్యూజు ఎగిరిపోతుంది. టేపక్కతో పాటు అక్కడ పనిచేసేవాళ్ళలో ఒకామె కాజాల వదిన. ఆమె ఎవరికీ నిజంగా వదిన కాదు. గుండీ పట్టే రంధ్రాలు, అంటే కాజాలు, ఆమె కుట్టినంత నున్నగా చుట్టుపక్కల ఎవరూ కుట్టలేరు. రెండో ఆమె ఓవర్‌లాక్ పిన్ని. బట్ట అంచులు దారాలూడకుండా కుట్టే మిషను ఆమెది. ఆ మిషను రొదలో ఇన్నేళ్ళు కూర్చుని కూర్చుని ఆమెకు కాస్త వినికిడి తగ్గింది. అందుకని ఆమె దగ్గర ఎవరూ చాడీలు చెప్పరు, గట్టిగా చెప్పాల్సి వస్తుంది కాబట్టి.

ఆ ఏడు మేడ యజమాని షాపు ఖాళీ చెయ్యమన్నాడు. బడి సెలవులు మొదలయ్యేలోగా గది కావాలన్నాడు. టేపక్కకు అసలు పనంతా ఆ సెలవుల్లోనే. రెండువందల నలభైమంది పిల్లలకు యూనిఫారాలు, బడి తెరిచే రోజుకి ఒంటిమీద ఉండాలి. ఆ ఆర్డరు పోతే ఏడాదంతా మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంట్లకు అతుకులు వేసుకుంటూ గడపాల్సిందే. మిగిలిన ఇద్దరూ బట్టల ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడాలి.

సరిగ్గా అప్పుడే ఇల్లు కొనడం కూడా వచ్చిపడింది. ఆమె భర్త ఒక బడి బస్సు డ్రైవరు. మాట మహా పొదుపు. "భోంచేశారా" అంటే "ఊఁ", "రేపు సెలవా" అంటే "ఊఁ". రెండూ ఒకే 'ఊఁ'గా వినిపించినా, ఇరవై నాలుగేళ్ళ కాపురంలో టేపక్క వాటికి తేడా పట్టేసింది. ఆ ఇద్దరూ, అత్తగారూ, కాలేజీలో చదివే కూతురూ రెండు గదుల అద్దె ఇంట్లో సర్దుకుని బతికారు. ఉన్నదంతా ఊడ్చి, బ్యాంకును బతిమాలి, ఇక కొనాల్సిందే అనుకున్నారు.

దొరికిన ఇల్లు సందు చివర ఉంది. ముందు పెద్ద హాలు, రెండు గదులు, వంటిల్లు, వెనక గుమ్మం. డాబా మీద పది సోలారు ప్యానెళ్ళు. అత్తగారు వాటిని చూసి "నల్లపలకల్లా ఉన్నాయే" అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో వాటికి పలకలన్న పేరే ఖాయమైంది.

అమ్మే ఆయన కరెంటు స్తంభాలెక్కి ముప్ఫై అయిదేళ్ళు పనిచేసి దిగిన మనిషి. అందరూ కరెంటాయన అంటారు. తమ్ముడి ఇంటి పక్క వాటా ఖాళీ అయిందని భార్యతో అక్కడికి మారిపోతున్నాడు. ఇల్లు వదలడానికి ఆయనకేం బెంగ లేదు. పలకలు వదలడానికే ప్రాణం ఒప్పడంలేదు. వంటిల్లు చూపించమంటే పలకల కాగితాలున్న ఫైలు చూపించాడు. నీళ్ళు వస్తాయా అంటే ఎండ ఎన్నింటినుంచి ఎన్నింటిదాకా పడుతుందో చెప్పాడు. ఎప్పుడెప్పుడు కడిగాడో తారీఖులతో సహా రాసిపెట్టుకున్నాడు. ఆయన భార్య "నన్ను చూడ్డానికి ఎప్పుడొచ్చారో అడగండి, ఆ తారీఖు చెప్పలేరు" అంది.

డ్రైవరుగారిని పట్టుకుని ఆయన గోడమీది పెట్టెలన్నీ వివరిస్తుంటే, టేపక్క తన పనిలో తాను పడింది. ఆర్డర్ల పుస్తకంలో ఒక్కో పేజీ ఒక్కో గదికి కేటాయించి, మనుషుల కొలతలు రాసినట్టే రాసుకుంది. హాలు పొడవు పదిహేడు అడుగులు, వెడల్పు పన్నెండు. అందులో సోఫా ఎంత ఉండాలి, కిటికీకీ దానికీ మధ్య ఎంత వదలాలి. లోపలి గదిలో అత్తగారి మంచం, పక్కన కూతురి చదువుబల్ల. వంటింట్లో గట్టు ఎత్తు, తన మోచేతికి సరిపోతుందా లేదా. కిటికీ తెరలకు బట్ట ఎంత పడుతుందో కూడా అక్కడే లెక్క తేల్చేసింది.

డాబా ఒక్కటే కొలవలేదు. పైకి పోవడానికి గోడకు బిగించిన నిట్టనిలువు ఇనుప నిచ్చెన ఒక్కటే దారి. ఇన్నేళ్ళు మిషను తొక్కిన మోకాలు దాన్ని ఎక్కనివ్వదు. డ్రైవరుగారు ఎక్కి చూసి దిగాడు.

"ఎలా ఉందండీ?"

"బావుంది."

"పలకల కింద జాగా ఉందా?"

"ఉంది."

ఈ మాటతో తృప్తి పడే మనిషి కాదు టేపక్క. ఆమె మనసులో ఒక ఆలోచన మొలిచింది. పైన పలకలు నీడకు నీడ, కరెంటుకు కరెంటు. వాటి కింద మూడువైపులా రేకులు కట్టుకుంటే షాపు. అద్దె లేదు, ఖాళీ చెయ్యమనేవాడు లేడు. మర్నాడు షాపులోంచే కరెంటాయనకు ఫోను చేసింది. వెనక ఓవర్‌లాక్ మిషను గడగడలాడుతోంది.

"బాబాయిగారూ, నిన్న ఇల్లు చూసి వెళ్ళినదాన్ని. టైలర్ని."

"చెప్పమ్మా."

"ఒక్క సందేహమండీ. పైన పలకల కింద ఎంత ఉందండీ?"

"పలకల కిందా? రెండు మీటర్లున్నాయమ్మా."

"పూర్తిగా రెండు మీటర్లా?"

"పూర్తిగానే. రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి. ఆఫీసువాళ్ళు స్వయంగా వచ్చి చూసుకుని సీలు వేసి వెళ్ళారు. అందులో నీకేం అనుమానం అక్కర్లేదు."

టేపక్క ఫోను పెట్టేసి మిషను ఆపమని సైగ చేసింది. "రెండు మీటర్లట పిన్నీ" అని గట్టిగా చెప్పింది. రెండు మీటర్లంటే టేపు మీద డెబ్బై ఎనిమిది అంగుళాల పైమాటే. అది ముగ్గురిలో ఎవరు నిటారుగా నిలబడినా తలకు తగలనంత ఎత్తు. పైగా వచ్చేవాళ్ళకు ఒక మీటరు, పోయేవాళ్ళకు ఒక మీటరు దారి కూడా ఉందంటే ఇక కావలసిందేముంది. ఆఫీసువాళ్ళు సీలు కూడా వేశారు. తన జీవితంలో ఎవరూ సీలు వేసి ఇచ్చిన కొలత లేదు. కాజాల వదిన "పైన గాలి కూడా బావుంటుంది వదినా" అంది. ఆ వారంలోనే పోస్టాఫీసు పక్కన ఒక గది ఖాళీ అయిందని ఎవరో వచ్చి చెబితే, టేపక్క "మాకు సొంతది ఉందండీ" అని తల ఎగరేసి పంపించేసింది. ఆ గది మర్నాడే ఒక చెప్పుల కొట్టాయన తీసుకున్నాడు.

రిజిస్ట్రేషనయింది. తాళాలు చేతికొచ్చాయి. సామానుతో పాటు బడివాళ్ళ బట్ట తానులు కూడా కొత్తింటి హాల్లో దించారు, పైన షాపు తయారయ్యేదాకా అని. ముందు చేయించిన పని మెట్లు. వెల్డరును పిలిచి, నిచ్చెన తీయించి, పట్టుకోవడానికి కమ్మీతో సహా ఏటవాలు మెట్లు పెట్టించింది. పాత షాపు ఖాళీ చెయ్యడానికి పదిరోజులుందనగా మెట్లు పూర్తయ్యాయి. వెల్డరును వెంటబెట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కింది.

పైన పలకలు రెండు వరసల్లో ఎండకేసి వాలి ఉన్నాయి. ముందువైపు ఆమె మోకాలికి వచ్చాయి. వెనకవైపు ఛాతీ దాకా.

"రేకులు ఎక్కడ కట్టమంటావక్కా?" అన్నాడు వెల్డరు.

ఆమె పలకల కిందికి వేలు చూపించింది.

"దీని కిందా? ఏం పెడతావు, కోళ్ళా?"

వెల్డరు మంచివాడే, ఎగతాళికి అనలేదు. నిజంగానే కోళ్ళనుకున్నాడు. టేపక్క మెడలోంచి టేపు తీసి, వంగి, ముందువైపు కొలిచింది. పందొమ్మిది అంగుళాలు. వెనకవైపు నలభై ఆరు. మళ్ళీ కొలిచింది. పలకలు ఏమాత్రం ఎదగలేదు. పిట్టగోడ మీద కూలబడిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళకు మాటిచ్చింది, ఉన్న గదిని కాదని పంపించింది, రెండువందల నలభైమంది పిల్లల బట్ట కింద హాల్లో పడి ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏడుపు కూడా వచ్చింది గాని వెల్డరు ముందు ఏడవడం ఇష్టంలేక మింగేసింది.

ఫోను చేసిన అరగంటలో కరెంటాయన పరిగెత్తుకొచ్చాడు. పలకకేదో అయిందనుకున్నాడు పాపం.

"బాబాయిగారూ, రెండు మీటర్లున్నాయన్నారు కదండీ."

"ఉన్నాయిగా అమ్మా."

"ఎక్కడున్నాయండీ?"

"కింద. గోడకి."

ఆమెను కిందికి తీసుకెళ్ళి వీధి గోడకున్న రెండు పెట్టెలు చూపించాడు. రెంటిమీదా అంకెలు తిరుగుతున్నాయి. "ఇది మనకొచ్చే కరెంటు. ఇది మనం పంపే కరెంటు. రావడానికి ఒకటి, పోవడానికి ఒకటి. ఇదిగో సీలు."

టేపక్క ఆ పెట్టెల మీద వేలు పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఆమెకు మీటరంటే బట్ట. ముప్ఫై అయిదేళ్ళుగా ఆయనకు మీటరంటే కరెంటు. పలకల కింద అంటే ఆమెకు పలకల అడుగున. పలకల కింద అంటే ఆయనకు పలకల తాలూకు. ఇంకెవరు ఎవరితో మాట్లాడినా ఈ పొరపాటు జరిగేది కాదు. ఒక బడిపంతులు అడిగి ఉంటే, జవాబు విన్నాక "ఏ మీటర్లు?" అని అడిగి ఉండేవాడు. ఒక కిరాణా కొట్టాయన చెప్పి ఉంటే ఆమె "అంటే ఎన్ని అంగుళాలు?" అని నిలదీసి ఉండేది. ఇద్దరూ మీటరు మనుషులే కావడంతో ఇద్దరికీ ఒక్క ముక్కలో అర్థమైపోయింది.

కరెంటాయన సంగతి తెలుసుకుని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో, పైన కూర్చుని కుట్టుకోవడానికా నువ్వడిగింది?"

"ఎత్తు పెంచడానికి కుదరదాండీ?"

"కొత్త చట్రం కట్టాలి. ఆఫీసులో మళ్ళీ అనుమతి. ఎంత లేదన్నా మూడు నెలలు. అంత ఎత్తున గాలి లేచిందంటే పలకలు పట్టుకోవడం కష్టం తల్లీ. నీకు అబద్ధం చెప్పలేను."

సాయంత్రం డ్రైవరుగారు వచ్చాక ఆయన్ను అడిగింది. "జాగా ఉందన్నారుగా?"

"ఉందిగా. బట్టలారేసుకోవడానికేమో అనుకున్నా."

"మీటర్ల సంగతి మీకు తెలుసా?"

"చూపించాడుగా. పెట్టెలు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడగలేదు."

ఆ పూట ఇంట్లో అందరూ తలో ఉపాయం చెప్పారు. వెనక గుమ్మం దగ్గర గిన్నెలు తోమేచోట ఒక మిషను పడుతుందని అత్తగారంది. మెట్ల మలుపులో గొడుగు కట్టుకోవచ్చని కూతురంది. ఇంకో మిషను వంటింట్లో గ్యాసు బండ పక్కన పెట్టుకోవచ్చట. ప్రేమగానే చెప్పారు. అన్నిటికీ టేపక్క "చూద్దాంలే" అంది. డ్రైవరుగారు మాత్రం వారంలో సోఫా వస్తుంది కదా అని హాల్లో బట్ట తానులకేసి చూసి, నిద్రకు వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే టేపక్క షాపుకు వెళ్ళి ఇద్దరికీ విషయం చెప్పేసింది. దాచలేదు, తప్పు తనదేనంది. బడికి వెళ్ళి ఆర్డరు వదులుకుంటున్నానని చెప్పి వస్తానంది. ఓవర్‌లాక్ పిన్నికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

కాజాల వదిన బల్లమీది ఆర్డర్ల పుస్తకం తీసింది. ఇంటి కొలతలున్న పేజీలు ఒక్కొక్కటే తిప్పింది.

"మీ అత్తగారి మంచం ఇక్కడుంది. పిల్ల బల్ల ఇక్కడుంది. అన్నయ్యగారి సోఫా ఇదిగో. కిటికీలకి తెరలు కూడా ఉన్నాయి. నీదెక్కడుంది వదినా?"

"పైన ఉందనుకున్నాగా."

"అంటే ఇంట్లో ఎక్కడా రాసుకోలేదన్నమాట."

టేపక్క పుస్తకం లాక్కుని తాను కూడా తిప్పి చూసింది. నిజమే. అందరి చోటూ అంగుళంతో సహా కొలిచింది. తన చోటు మాత్రం ఇంటి బయట, ఎక్కలేని నిచ్చెన మీద, ఎవరో ఫోనులో చెప్పిన మాట మీద వదిలేసింది. ఎవరూ అలా చెయ్యమనలేదు. తానే చేసుకుంది. నిన్న పలకల దగ్గర వచ్చిన ఏడుపు ఇప్పుడు వచ్చింది. మింగే అవసరం లేదు కాబట్టి కాసేపు ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని, "బడికి తరవాత వెళ్తాను" అని ఇంటికొచ్చేసింది.

హాలు మళ్ళీ కొలిచింది, ఈసారి తనకోసం. కత్తిరించే బల్ల ఆరడుగులు. మిషన్లు మూడూ కిటికీ పక్కన. ఇస్త్రీ ఇక్కడ. వచ్చినవాళ్ళ కొలత తీసుకునే చోటు గుమ్మానికి ఎదురుగా. సరిగ్గా సరిపోయింది. ఒక్క అడుగు కూడా మిగల్లేదు.

సోఫా చెప్పిన రోజుకంటే ముందే వచ్చింది. ఆ సాయంత్రమే, డ్రైవరుగారు బస్సు దిగి ఇంటికి చేరేసరికి సందులో బండి ఆగి ఉంది. ఇద్దరు మనుషులు సోఫానూ, దాని జత ఒంటి కుర్చీనీ దించి గుమ్మం ముందు పెట్టారు.

"ఏమండీ, ఈ హాలు నాకు కావాలి" అంది టేపక్క.

ఆయన అర్థంకానట్టు చూశాడు. ఆమె మళ్ళీ చెప్పింది. కారణం కూడా చెప్పింది. అప్పుడు ఆ మనిషి, పెళ్ళయిననాటినుంచి ఒక్కసారి కూడా మాట్లాడనంత పొడుగ్గా మాట్లాడాడు.

"పాత ఇంట్లో ఎవరొచ్చినా గుమ్మంలో నిలబెట్టే పంపించాను. మా డ్రైవర్లందరి ఇళ్ళకీ వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళనెప్పుడూ రమ్మనలేదు. రమ్మని ఎక్కడ కూర్చోబెట్టను? ఈ హాలు చూసే నేను ఈ ఇంటికి ఒప్పుకున్నాను. పలకలు చూసి కాదు."

"తెలుసండీ. మీ సోఫా కొలత తీసింది నేనే. అయినా అడుగుతున్నాను."

ఆయన సోఫా వంక చూశాడు. "సగం తీసుకో" అన్నాడు.

"సగం చాలదు."

ఆ ఇంట్లో ఆమె నోట 'చాలదు' అన్న మాట రావడం అదే మొదలు. కూర అడుగంటితే "నాకాకలి లేదు" అనే మనిషి. దుప్పటి తక్కువైతే "నాకు ఉక్కగా ఉంది" అనే మనిషి. అత్తగారు లోపలినుంచి వచ్చి కోడలి మొహంలోకి ఒకసారి, కొడుకు మొహంలోకి ఒకసారి చూసింది. బండివాడు "సార్, ఎటు పెట్టమంటారు?" అన్నాడు.

డ్రైవరుగారు "వెనక్కి" అన్నాడు.

"ఆ ఒంటి కుర్చీ మాత్రం నా గదిలో పడేసి పో నాయనా, నాకు సరిపోతుంది" అంది అత్తగారు. మిగతాది బండెక్కి వెళ్ళిపోయింది.

ఆయన మాట మీద నిలబడ్డాడు, హాలు ఇచ్చేశాడు. కాని మనసు సర్దుకోలేదు. మర్నాటినుంచి వెనక గుమ్మంలోంచే రావడం, వెనక గుమ్మంలోంచే పోవడం. హాల్లో అడుగుపెట్టలేదు. టేపక్కకు అది గొంతులో పడిన ముల్లులా ఉండేది. అలాగని హాలు తిరిగి ఇచ్చేయాలని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు. తన చోటు తనకు నచ్చినందుకు ఆమెకే కొంచెం ఆశ్చర్యం వేసింది.

పని మాత్రం పరుగులు తీసింది. మొదటిరోజు మధ్యాహ్నం మూడు మిషన్లూ, ఇస్త్రీ పెట్టె కూడా ఒకేసారి నడిపారు. ముగ్గురూ ఫ్యూజు పెట్టెకేసి చూశారు. ఏమీ ఎగిరిపోలేదు. ఇస్త్రీ పనంతా పదకొండు నుంచి రెండింటిలోపు ముగించుకొమ్మని కరెంటాయన సలహా ఇచ్చాడు, ఎండ నెత్తిమీదున్నంతసేపు పలకలదే భారమని. వారానికోసారి పొద్దెక్కకముందే ఆయనే వచ్చి పలకలు కడిగి పోయేవాడు. "వేడెక్కాక చన్నీళ్ళు పోస్తే అద్దం పగులుతుందమ్మా, నీకు తెలియదు" అనేవాడు. తెలిసినా ఆమె తెలియనట్టే ఉండేది. పలకలు ఆమె పేరుకు మార్పించడానికి కరెంటాఫీసుకు కూడా ఆయనే తోడొచ్చాడు. కిటికీలోని గుమాస్తా కాగితం చూసి "రెండు మీటర్లేగా?" అన్నాడు. టేపక్కకు నవ్వాగలేదు. కరెంటాయన కూడా పళ్ళికిలించాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళకు ఒళ్ళు మండింది.

బడి తెరవబోయే ముందు ఆదివారం. యూనిఫారాలు దాదాపు అయిపోయాయి. సరిచేతలకోసం పిల్లలను వెంటబెట్టుకుని తల్లులొచ్చారు. నడుము వదులైనవాడు, సెలవుల్లో రెండంగుళాలు సాగినవాడు, చెయ్యి పొడుగైంది అని ఒకామె. ఉన్న నాలుగు ముక్కాలి పీటలూ నిండిపోయి తానుల మీద కూడా కూర్చున్నారు. టేపక్క మోకాళ్ళ మీద ఒక పిల్ల గౌను అంచు మడుస్తోంది, నోట్లో గుండుసూదులు. గుమ్మంలో ఎవరో వచ్చిన అలికిడైంది. "రండి అన్నయ్యగారూ, ఇలా జరుగుతాం, కూర్చోండి. వరసగా పిలుస్తున్నారు" అంటోంది ఒక తల్లి.

టేపక్క పిల్లను పంపించి, సూదులు తీసి, తల ఎత్తకుండానే "తరవాత ఎవరండీ?" అంది.

"ఈ బాబు. తరవాత నేనండీ."

ఆ గొంతు విని తల ఎత్తింది. డ్రైవరుగారు ఇద్దరు తల్లుల మధ్య పీట మీద, మోకాళ్ళు దగ్గరకు పెట్టుకుని, ఒళ్ళో మడత పెట్టిన చొక్కాతో కూర్చుని ఉన్నాడు. వెనక గుమ్మం ఆ రోజు బార్లా తీసే ఉందని అత్తగారు తరవాత చెప్పింది.

బాబు పని చకచకా ముగించింది.

"మీకేం కావాలండీ?"

"గుండీ ఊడింది" అని చొక్కా ఇచ్చాడు. జేబులోంచి గుండీ తీసి దానిమీద పెట్టాడు.

ఆమె చొక్కా తిప్పి చూసింది. అది ఊడిన గుండీ కాదు. ఊడిన గుండీ దారాలు పీచుపీచుగా ఉంటాయి. ఈ దారాలను ఎవరో కత్తెరతో, కుదురుగా, బట్టకు తగలకుండా జాగ్రత్తగా కత్తిరించారు. ఆ సంగతి ఆమె చెప్పలేదు. కాజాల వదిన కూడా చూసింది, మొహం పక్కకు తిప్పుకుంది. టేపక్క కళ్ళు తుడుచుకుని, మిగతావాళ్ళను అడిగినట్టే అడిగింది.

"ఎప్పటికి కావాలండీ?"

"తొందరేం లేదు" అన్నాడాయన. "కూర్చుంటాను."